పైకి వెళ్ళినవాళ్ళ కోసం

మా నర్సీపట్నంలో ‘పైకి’ అంటే కొండల మీది ఏజెన్సీకి. ఘాటీ ఎక్కే బస్సు పైబస్సు. కొండమీది బళ్ళో పనిచేసే మాస్టారు సోమవారం పైకి వెళ్తారు, శనివారం కిందికి దిగుతారు. పసుపూ చింతపండూ పైనుంచి దిగుతాయి, ఉప్పూ ఎండుచేపలూ పైకి ఎక్కుతాయి. ఇంత మామూలుగా వాడే ఈ మాటకు రెండో అర్థం ఒకటుంది. అది తెలుగు వచ్చినవాళ్ళందరికీ తెలుసు. మా ఊళ్ళో ఎవరైనా ‘ఆయన పైకి వెళ్ళాడు’ అంటే, అన్న మనిషి ముఖం చూసి ఏ పైకో తెలుసుకోవాలి.

మా నాన్న సైన్యంలో ఫిరంగి దళంలో హవల్దారు. నేనూ అన్నయ్యా పెరిగింది కంటోన్మెంట్లలో. యూనిట్ ఫీల్డుకి, అంటే సరిహద్దుకు, వెళ్ళేటప్పుడు కుటుంబాలను వెంట రానివ్వరు. క్వార్టర్ ఖాళీ చేసి, నల్ల ట్రంకుల మీద తెల్లరంగుతో పేరూ నంబరూ రాసి సొంతూరికి పంపేస్తారు. అలా మేం తొంభై ఎనిమిదిలో నర్సీపట్నం వచ్చి, నాయనమ్మ ఇంట్లో దిగాం. నాకు పద్నాలుగు నిండాయి. అన్నయ్య ఇంటర్లో చేరాడు.

అప్పటికి నాకు తెలుగు సరిగా రాదు. బళ్ళో నన్ను ‘హిందీ గుంట’ అనేవారు, గుంట అంటే మా వైపు ఆడపిల్ల. ఇంట్లో నాయనమ్మ కూడా వదిలేది కాదు. ‘మా గుంటకి హిందీ కడుపులోంచొచ్చింది, తెలుగు మనం పెంచాల’ అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నాకు తెలుగు నేర్పింది బడి కన్నా ఎక్కువగా మా సంఘమే. మిషను కాలంనాటి పెంకుటి చర్చి, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల. అక్కడ చాప మీద అమ్మ పక్కన కూర్చుని వాక్యం విని, ఆదివారపు బడిలో వాక్యాలు కంఠస్థం చేసి తెలుగు పట్టుకున్నాను. అందుకే చాలాకాలం నా తెలుగు సగం గ్రాంథికం, సగం మా నాయనమ్మది. ‘నీవు ఎక్కడికి వెళ్ళుచున్నావు’ అని మా వీధి పిల్లని అడిగితే ఆ పిల్ల పడీపడీ నవ్వింది.

నాన్న ప్రతి ఆదివారం ఉదయం మా వీధి చివర ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసేవాడు. ఇళ్ళలో ఫోన్లు లేని రోజులు. బూత్ నంబరే మాకు పి.పి. నంబరు, అంటే ఫోన్ చేసి మమ్మల్ని పిలిపించమనే నంబరు. బూత్ నడిపే అతనిది గొలుగొండ పక్క రైతు కుటుంబం. అమ్మను అక్కా అనేవాడు, నాన్నను చూడకుండానే బావగారు చేసేశాడు. నాన్నతో ముందు తానే రెండు ముక్కలు హిందీలో మాట్లాడి, తర్వాత మమ్మల్ని కేకేసేవాడు. ఆ హిందీ సినిమాల్లో నేర్చింది. నాన్నకు తెలుగు వచ్చని అతనికి తెలియక కాదు, మిలిటరీ మనిషితో హిందీలో మాట్లాడడం మర్యాద అనుకునేవాడు.

తొంభై తొమ్మిది వేసవిలో కార్గిల్‌లో యుద్ధం మొదలైంది. నాన్న యూనిట్ అక్కడే ఉందని మాకు నాన్న చెప్పలేదు, చెప్పకూడదు. ఆఖరిసారి మాట్లాడినప్పుడు, కొన్నాళ్ళు ఫోన్ రాకపోతే కంగారు పడవద్దని మాత్రం అన్నాడు. అన్నయ్యకు కాకుండా నాకు ఫోన్ ఇప్పించి, ‘అమ్మ చేత అన్నం తినిపించు’ అన్నాడు. దాంతో నాన్న అక్కడే ఉన్నాడని మాకు అర్థమైంది.

ఆ తర్వాత మేమిద్దరం రెండు దారుల్లో వెళ్ళాం. అన్నయ్య బస్టాండ్ దగ్గర టీ కొట్టులో టీవీ ముందు కూర్చునేవాడు. ప్రతి వార్తల సమయానికీ అక్కడుండేవాడు. ఏ కొండ పేరు చెప్పారో, ఎవరి ఊరికి శవపెట్టె వచ్చిందో, అన్నీ గుర్తుపెట్టుకునేవాడు. ఇంటికి వచ్చి ఏమీ చెప్పేవాడు కాదు. చర్చికి రావడం మానేశాడు. నాయనమ్మ అడిగితే తలనొప్పి అనేవాడు. నేను తెల్లవారి లేచి ఒక అధ్యాయం చదివేదాన్ని. బుధవారాలు మధ్యాహ్నం భోజనం మానేసి ప్రార్థన చేసుకునేదాన్ని. ఎవరి దారి వాళ్ళకు ఊపిరాడే దారి. ఇప్పుడు నేను పాఠాలు చెప్పే సండేస్కూల్లో ఇలాంటి ఇళ్ళ పిల్లలు ఉన్నారు. ప్రార్థనకు రాని పిల్లవాడిని నేను కోప్పడను. వాడు ఎక్కడో ఒకచోట కాపలా కాస్తూనే ఉంటాడు.

బూత్‌కి ఆ ఫోన్ ఒక శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. అమ్మ వాకిట్లో చేతులకు నూనె రాసుకుని పనసతొనలు వొలుస్తోంది. బూత్ అతను చెప్పులు లేకుండా వచ్చి గుమ్మం అవతలే ఆగిపోయాడు. ఎప్పుడూ నేరుగా లోపలికి వచ్చే మనిషి.

‘అక్కా, ఫోనొచ్చింది. బావగోరు కాదు. ఆరితో పనిసేసీ హిందీవోరు.’

అమ్మ తల ఎత్తింది.

‘బావగోరు పైకెల్లిపోనారటక్కా.’

నాయనమ్మ అరుగు మీద ఉంది. ‘ఏ పైకిరా?’ అని వెంటనే అడిగింది. నర్సీపట్నం మనిషి అలాగే అడుగుతుంది. అతను కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. అదే జవాబయింది.

నేను అతని దగ్గరికి వెళ్ళి, హిందీలో ఏమన్నారో ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను. ఊపర్ గయా, పైకి వెళ్ళాడు, అన్నారని చెప్పాడు. ఊపర్ అన్న మాట చాలాసార్లు అన్నారట. లైన్లో గరగర. ఇంకా ఏవేవో అన్నారుగానీ ఆ మాట విన్నాక తనకు మరేమీ బుర్రకెక్కలేదు. అంతలో లైను తెగిపోయింది.

ఫ్యామిలీ క్వార్టర్లలో ఊపర్ అన్న మాట నేను పాలు తాగిన నాటినుంచి విన్నాను. మంచు కొండల మీద పోస్టుకి వెళ్తే ఊపర్ వెళ్ళాడంటారు. తిరిగి బేస్‌కి వస్తే నీచే వచ్చాడంటారు. మా ఊరి పైబస్సు భాషే అది. నేను అమ్మతో ఆ సంగతి చెప్పాను. నాన్నను కొండ మీదికి పంపి ఉంటారు, ఇక కొన్నాళ్ళు ఫోన్ ఉండదని ఎవరిచేతో చెప్పించి ఉంటాడు, అంతే అన్నాను. అన్నయ్య అప్పుడే టీ కొట్టు నుంచి వచ్చాడు. అంతా విని, నాయనమ్మకూ, కంటోన్మెంట్లలో ఉన్నా బజారు హిందీ దాటి రాని అమ్మకూ తెలియకుండా నాతో హిందీలో అన్నాడు. హిందీలో కూడా ఆ మాటకు రెండో అర్థం ఉందని. నాకు తెలుసన్నాను. అమ్మ మా ఇద్దరి ముఖాలూ చూసింది.

పొద్దుగూకేసరికి సంఘం ఇంటికి వచ్చేసింది. కొంగులు తలల మీద కప్పుకుని స్త్రీలు వాకిట్లో కూర్చున్నారు. ఒకావిడ ఫ్లాస్కుతో టీ తెచ్చింది. పాటల బృందంలో ఒకామె ఏ పాట పాడాలని పక్కావిడను అడగడం నాకు వినపడింది. ఆదరణ కూడిక ఎప్పుడు పెడదామని ఒకరు అమ్మను అడిగారు. ఇంట్లో ఎవరైనా పోతే ఆ కుటుంబాన్ని ఓదార్చడానికి మా వాళ్ళు పెట్టే కూడిక అది. సైన్యంవాళ్ళు అలాంటి కబురు పి.పి. నంబరుకి చెప్పరనీ, టెలిగ్రాం వస్తుందనీ అమ్మ చెప్పింది.

‘టెలిగ్రాం ఎనకొస్తాదమ్మా. మనసు ముందు కుదుర్సుకోవాల’ అంది పెద్దావిడ ఒకామె. ప్రేమతోనే అంది.

అమ్మ లోపలికి వెళ్ళి, మిగిలిన పనసకాయ వొలిచి, పళ్ళాల్లో పెట్టి అందరికీ ఇచ్చింది. ఏడవడానికి వచ్చినవాళ్ళు పనసతొనలు తిని, ఏం చెయ్యాలో తెలియక, చిన్న ప్రార్థన చేసి వెళ్ళిపోయారు.

శనివారమంతా అన్నయ్య వీధి అరుగు మీదే కూర్చున్నాడు. టీ కొట్టుకి వెళ్ళలేదు. టెలిగ్రాం వస్తే తానే అందుకోవాలని. ఖాకీ చొక్కా వేసుకున్న ఎవరు వచ్చినా లేచి నిలబడేవాడు. గ్యాసు బండ తెచ్చిన అతన్ని చూసి కూడా లేచాడు. టెలిగ్రాం రాలేదు.

సాయంత్రం మా సంఘపెద్ద వచ్చారు. రిటైరయిన మాస్టారు. ప్రతి ఆదివారం విజ్ఞాపన ప్రార్థన ఆయనదే. అంటే సంఘంలో ఎవరెవరికి ఏ అవసరం ఉందో వారి పేరున దేవుని ముందు చెప్పే ప్రార్థన. ఆయన వరస ఎప్పుడూ తప్పదు. ముందు రోగులు, తర్వాత గర్భిణీలు, పరీక్షలు రాసే పిల్లలు, దేశాన్ని ఏలేవారు, ఆ తర్వాత ‘సరిహద్దులో కాపలా ఉన్న మా సహోదరుడు’ అని మా నాన్న పేరు. నాన్న పేరు వచ్చే చోటు నాకు కళ్ళు మూసుకున్నా తెలిసేది. ఆ పేరు దగ్గర అమ్మ చెయ్యి నా చేతిని వెతుక్కునేది.

ఆయన కుర్చీలో కూర్చున్నారు. ఆయనకు వచ్చిన చిక్కు బయటివాళ్ళకు చిన్నదిగా కనిపించవచ్చు. మా సంఘంలో చనిపోయినవారి కోసం ప్రార్థించరు. ఊపిరి ఆగిన క్షణాన ఆ మనిషి లెక్క దేవునితో తేలిపోతుంది, మనం అడగడానికి ఇంకేమీ మిగలదు, మిగిలినవారి ఓదార్పు కోసమే అడగాలి. ఇది మాకు చిన్నప్పుడే నేర్పుతారు. నేనూ అదే నమ్ముతాను, ఈనాటికీ. కాబట్టి నాన్న బతికి ఉంటే ఆయన పేరు విజ్ఞాపనలో ఉండాలి. లేకపోతే ఉండకూడదు. రేపు ఉదయం సంఘమంతా కళ్ళు మూసుకుని వింటుంది. ఆయన ఆ చోటికి వచ్చి పేరు చెప్పకుండా దాటితే, నాన్న పోయినట్టు సంఘం ముందు తీర్మానం అయిపోతుంది. చెబితే, ఒకవేళ నాన్న బతికి లేకపోతే, సంఘపెద్దగా తాను నేర్పిన మాటను తానే మీరినట్టు.

‘అమ్మా, రేపు అబ్బాయి పేరు ఎక్కడ పెట్టమంటావు?’ అన్నారు. వేరే దారి తెలియక అడుగుతున్నానని కూడా అన్నారు.

అమ్మ నావైపు తిరిగింది. ‘నువ్వు సెప్పు. ఆ హిందీ మాటకి మరో అర్థముందా, లేదా?’

నాన్న కోసమైనా, ‘లేదు’ అని చెప్పాలనిపించింది. కానీ మాస్టారు ఎదురుగా ఉన్నారు, అమ్మ కళ్ళు నా మీద ఉన్నాయి, ఆ మాట మీద ప్రార్థన నిలబడబోతోంది.

‘ఉంది. రెండూ ఉన్నాయి’ అన్నాను.

గుమ్మంలో నిలబడ్డ అన్నయ్య తల దించుకున్నాడు. అమ్మ మాస్టారి వైపు తిరిగింది.

‘రెండున్నప్పుడు, ఒకదానికి ప్రార్థన అక్కర్లేదు. ఇంకోదానికి అక్కరుంది. అక్కరున్నదానికే సెయ్యండి’ అంది.

‘తప్పయితేనో తల్లీ?’

‘తప్పయితే దేవుడు దిద్దుకుంటాడండి. బతికున్నోణ్ణి మనం తీసీస్తే ఆ తప్పెవులు దిద్దుతారు?’

నాయనమ్మ అంతవరకు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని ఉంది. కళ్ళు తెరవకుండానే, ‘నా కొడుకుని ముందు దించమనండి మాస్టారూ. తరవాత మీ లెక్కలు సూసుకోండి’ అంది.  బతుకులో ఆ ఒక్కసారే ఆమె ముందు తనకు మాట తోచలేదని తర్వాత మాస్టారే నవ్వుతూ చెప్పుకునేవారు.

మర్నాడు చర్చి నిండిపోయింది. చాలా మంది చావుకి వచ్చినట్టు తెల్లబట్టలు కట్టుకుని వచ్చారు. అమ్మ మామూలు ఆకుపచ్చ చీరే కట్టుకుంది. అన్నయ్య లోపలికి రాలేదుగానీ, పక్క కిటికీ బయట నీడలో నిలబడటం చూశాను. మాస్టారు లేచి వరస మొదలుపెట్టారు. రోగులు, గర్భిణీలు, పిల్లలు, ఏలేవారు. అక్కడికి వచ్చి ఆగారు. ఆయన ప్రార్థనలో ఎప్పుడూ ఆగరు.  అమ్మ చెయ్యి నా చేతిని పట్టుకుంది.

‘తండ్రీ, పైకి వెళ్ళిన మా సహోదరుడు’ అని ఆయన నాన్న పేరు చెప్పారు. ‘ఆయన కొండ మీద ఉన్నాడు. ఆయన్ని కిందికి దించు.’

అంతే. మాస్టారు సాధారణంగా గ్రాంథికంలో ప్రార్థిస్తారు, ‘దించుము’ అనాలి. ఆ రోజు బస్సు కండక్టరుతో చెప్పినట్టు ‘దించు’ అన్నారు. కొందరు ఆమెన్ అన్నారు. కొందరు అనలేదు, వాళ్ళను తప్పుపట్టను, వాళ్ళు నేర్చుకున్నది వాళ్ళు పాటించారు. కిటికీ అవతల నుంచి ఒక ఆమెన్ వినిపించింది. చాలా వారాలుగా చర్చిలో నేను వినని గొంతు.

నాకు ఆ క్షణాన లేఖనంలోని యుద్ధం ఒకటి గుర్తొచ్చింది. కింద లోయలో పోరాటం జరుగుతుంటే కొండ మీద ముసలి నాయకుడు ప్రార్థనలో చేతులెత్తి నిలబడతాడు, అవి ఎత్తి ఉన్నంతసేపే కింద ఆయనవాళ్ళు గెలుస్తారు. చేతులు బరువెక్కితే ఇద్దరు చెరో పక్కా పట్టుకుంటారు. మాకు అది తిరగబడింది. పోరాడేవాడు కొండ మీద ఉన్నాడు, చేతులెత్తేవాళ్ళం లోయలో ఉన్నాం. అయినా చేతులు బరువెక్కడం ఒకటే.

ఆరాధన అయి బయటికి వచ్చేసరికి బూత్ అతను గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. రెండు రాత్రులు నిద్ర లేదని ముఖమే చెబుతోంది. మొదటినుంచి చివరిదాకా ఆ ఫోన్ మాటల్ని బుర్రలో తిప్పుకుంటూనే ఉన్నాడట. ఇప్పుడొకటి గుర్తొచ్చిందన్నాడు. అది మంచో చెడో తెలియక భయంభయంగా నన్ను పిలిచాడు.

‘పాపా, ఆ మాటాడినోరు ఇంకోటన్నారు. హమ్ భీ కల్ జాయేంగే అన్నారు. అంటే ఏటి?’

నేను తెలుగు చేసేలోగా నాకే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ‘మేము కూడా రేపు వెళ్తాం అని’ అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్ళు ఆగిపోయారు. నాయనమ్మ కర్ర నేలకానించి అతన్ని పైనుంచి కిందికి చూసింది.

‘ఒరే, సచ్చిపోడానికి రేపెల్తానని ఫోన్ సేసి సెప్పినోడు ఎక్కడైనా ఉన్నాడేట్రా?’

ముందు మాస్టారు నవ్వారు. తర్వాత తెల్లబట్టలవాళ్ళందరూ నవ్వారు. బూత్ అతను నవ్వుతూనే గేటు పట్టుకుని ఏడ్చాడు. అమ్మ మాత్రం అతని దగ్గరికి వెళ్ళి, ‘బేగి ఎల్లి బూత్ తియ్యి తమ్ముడూ. ఫోనొస్తే ఎవులెత్తుతారు?’ అంది.

భయం దాంతో పోలేదు. శుక్రవారం బతికి ఉన్న మనిషి అని తెలిసింది, అంతే. పై నుంచి అందరూ దిగరు. అన్నయ్య మళ్ళీ టీవీ దగ్గరికి వెళ్ళాడు, కానీ ఆదివారాలు కిటికీ బయట కాకుండా లోపల, మగవాళ్ళ వైపు వెనక చాప మీద కూర్చునేవాడు. టీవీలో చూసినది ఇప్పుడు నాతో చెప్పేవాడు. ఏ ఊరికి పెట్టె వచ్చిందో చెబితే, ఆ ఇంటి కోసం నేను ప్రార్థన చేసేదాన్ని. పోయిన అతని కోసం కాదు, ఆ ఇంట్లో పిల్లల కోసం. నన్ను ఆ రోజుల్లో బాగా వేధించిన సంగతి ఒకటుంది. ఆ ఇళ్ళలో కూడా ఎవరో ఒకరు ఏదో ఒక పేరున చేతులెత్తే ఉంటారు కదా. దానికి నాకు జవాబు దొరకలేదు. దేవుడు మా మాట విని వారి మాట వినలేదని ఎవరైనా సాక్ష్యం చెబితే నేను ఆమెన్ అనను. అడగమన్నాడు కాబట్టి అడిగాం. అంతవరకే నాకు తెలుసు.

వానలు పడ్డాక, ఊడుపులు నడుస్తుండగా, ఒక మామూలు రోజున బూత్ అతను వీధంతా వినపడేలా కేక వేసుకుంటూ వచ్చాడు. మేం పరుగెత్తాం. అమ్మ ముందు ఫోన్ అందుకుంది. నాన్న ఏమన్నాడో మాకు వినపడలేదు. అమ్మ అన్నది ఒక్క మాట.

‘దిగేరా?’

తర్వాత కౌంటరు మీద తల ఆనించి, ‘దిగేరట’ అని మాకు చెప్పింది.

మరుసటి ఏడు నాన్న సెలవు మీద వచ్చాడు. బూత్ అతను ఎదురొచ్చి, ‘బావగోరూ, మిమ్మల్ని పైకి పంపించీసింది నానే’ అని చేతులు పట్టుకున్నాడు. ఆదివారం నాన్న మగవాళ్ళ వైపు ముందు వరుసలో, అన్నయ్య పక్కన కూర్చున్నాడు. మాస్టారు వరస మొదలుపెట్టారు. రోగులు, గర్భిణీలు, పిల్లలు, ఏలేవారు. ఆ తర్వాత అలవాటుకొద్దీ నాన్న పేరు చెప్పి, ‘కొండ మీద ఉన్న మా సహోదరుణ్ణి కిందికి దించు’ అనేశారు. నాన్న యూనిట్ అప్పటికి మైదానాలకు వచ్చేసి చాలా కాలమైంది, మాస్టారి నోటికి ఆ మాట అలాగే పట్టుకుపోయింది. స్త్రీల వైపు నుంచి నవ్వులు వినిపించాయి. నేను కళ్ళు తెరిచి చూశాను. నాన్న నవ్వలేదు. ఆమెన్ అన్నాడు.

ఆరాధన అయ్యాక మాస్టారు నొచ్చుకుంటూ వచ్చి, వచ్చే వారం నుంచి మార్చేస్తానన్నారు.

‘మార్చకండి మాస్టారూ’ అన్నాడు నాన్న. ‘నా పేరొక్కటి తీసీండి. పైన ఇంకా మనోళ్ళు ఉన్నారు.’

మాస్టారు అలాగే చేశారు.